ముఖచిత్రం ఎవరిదో కూడా వేయండి

సంపాదకులకు,

పాత తెలుగు నవలల అట్టలు ఫోటో తీసి మురిసిపోయేవాళ్లు బోలెడుమంది. ఆ బొమ్మ ఎన్నో ముద్రణదో, ఎవరు వేశారో రాసిపెట్టేవాళ్లే తక్కువ. గ్రంథాలయాల కేటలాగులో చిత్రకారుడి పేరు సాధారణంగా కనిపించదు. పైగా క్యాలికో బైండు చేయించేటప్పుడు అసలు అట్టనే చింపి పారేస్తారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో చాలావాటికి ఆ గతే పట్టింది, అట్ట మిగిలినా నలుపు తెలుపే. కాబట్టి ఈ పని ఇళ్లలో పుస్తకాలు దాచుకున్న అభిమానులదే.

నవల అయిదుసార్లు అచ్చయితే అయిదు నమోదులు ఉండాలి. ఒక్కోదానికి ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట, టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫోటో తీయాలి. ఫ్లాష్ వేస్తే లామినేషన్ మెరిసి సంతకం మాయమవుతుంది, కిటికీ వెలుతురు చాలు. సంతకం ఎక్కువగా కింది మూలన ఉంటుంది. అంచు కత్తిరింపులో సగం పోయి ఉంటే ఆ ముక్కనే దగ్గరగా మరో ఫోటో తీయండి.

‘ప్రథమ ముద్రణ’ అని ఉందని నమ్మేయకండి. ప్రచురణకర్త మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. సంవత్సరం వేయకపోతే వెల చూడండి. ‘రూ. 1-8-0’ అంటే రూపాయి ఎనిమిదణాలు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గనుక ఆ పుస్తకం దాదాపుగా అంతకు ముందుదే. వెల మీద చీటీ అంటించి ఉంటే కింద అచ్చయిన అంకె కావాలి. చిరునామాలో ‘మద్రాసు-600 017’ ఉంటే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక వేసిందే. ఒట్టి ‘మద్రాసు-17’ మాత్రం ఏమీ తేల్చదు, పాత అలవాటు తర్వాతా చాలాకాలం నడిచింది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పేరు దగ్గరే. అక్షరాలు బాపు రాతలా ఉన్నాయని బొమ్మా ఆయన ఖాతాలో వేసేస్తున్నారు. ఆ దస్తూరి కంప్యూటర్ ఫాంటుగా వచ్చి ఏళ్లయింది, ఎవరైనా వాడొచ్చు! ముఖచిత్రం, అక్షరాలు, లోపలి బొమ్మలు మూడూ వేర్వేరు గడులుగా పెట్టాలి. సీరియల్‌కి వేసిన బొమ్మల్నే నవల లోపల వాడుకుని, అట్టకు మాత్రం వేరే వారిచేత వేయించడం మామూలే. పేరు పక్కన ఆధారం రాయాలి: సంతకం ఉందా, పుస్తకంలో అచ్చయిందా, శైలిని బట్టి ఊహా? ‘వ.పా.’ అని ఉంటే ముందు అలాగే రాసి, ఆ తర్వాతే వడ్డాది పాపయ్య అనాలి.

వికీపీడియాకు తోడుగా ఎవరైనా వివరాలు చేర్చగలిగే వికీడేటాలో ముఖచిత్రకారుడికి పి736, లోపలి బొమ్మలు వేసినవారికి పి110 అనే గడులు ఉన్నాయి. వాటిని రచన పేజీలో కాక ఆ ముద్రణకు విడిగా చేసిన పేజీలో చేర్చాలి. బొమ్మను మాత్రం వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించకండి, అక్కడ అందరూ స్వేచ్ఛగా వాడుకోగలిగేవే ఉండాలి. కాపీరైటు చిత్రకారుడు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది: వపావి 2052 చివరిదాకా, బాపువి 2074 చివరిదాకా. వివరాలు రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

మీ పుస్తక సమీక్షల కింద పేజీలు, వెల, ప్రతులకు అని వేస్తుంటారు. ఆ వరుసలోనే ‘ముఖచిత్రం: ఫలానా’ అని ఇంకొక్క మాట చేర్చండి. పుస్తకంలో పేరు లేకపోతే ప్రచురణకర్తకు ఫోన్ చేసి అడగండి. కొత్త పుస్తకాలకైనా వెతుకులాట తప్పుతుంది.

- కొందరు పాత పుస్తకాల అభిమానులు, విజయవాడ