కల్వారియా కొండ దారుల్లోంచి జోజికి

ప్రియమైన జోజికి,

ఫోన్‌లో నువ్వు "ఎలా జరిగిందిరా యాత్ర?" అని అడిగితే "బాగా జరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అప్పటికి నిజంగా మాటలు కూడలేదు. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. నీ జపమాల టేబుల్ మీద నా ముందే ఉంది. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

రెండో జాన్‌పాల్ పోపుగారు పోపయ్యాక తన సొంత దేశం పోలండ్‌కి ఎనిమిదిసార్లు వెళ్లారు కదా, 1979 నుంచి 2002 దాకా. ఆయన మోకరించిన క్షేత్రాలన్నీ మనిద్దరం కలిసి చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకున్నాం. తీరా టికెట్లు తీసుకునే వేళకి నీ మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది. నువ్వు లేకుండా బయల్దేరడం నాకు అస్సలు మనసొప్పలేదురా. నువ్వే పట్టుబట్టి పంపావు. అందుకే నువ్వు పక్కన ఉంటే ఏం చెప్పేవాణ్ణో అదంతా ఇందులో రాస్తాను.

మొత్తం పోలండ్ తిరగాలంటే నెల రోజులు కూడా చాలవు. నేను 1979 జూన్ నాటి మొదటి యాత్రనే పట్టుకున్నాను, అది కూడా క్రాకోవ్, దాని చుట్టుపక్కల ఊళ్లు, చివర్లో చెన్‌స్తొహోవా. ఆ యాత్ర తొమ్మిది రోజులే. జూన్ 2న వార్సాలో దిగి నేలను ముద్దాడారు, 10న క్రాకోవ్ నుంచి తిరిగి వెళ్లారు. అప్పుడు అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం. ఆయన ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లకూడదో ప్రతిదానికీ ముందు బేరాలు జరిగాయట. ఇది గుర్తుపెట్టుకో, నోవా హూతా గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

మొదట వాదోవిట్సే, ఆయన పుట్టిన ఊరు. ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మనకిచ్చిన టైముకి వెళ్లి, గుంపుతో పాటు గది తర్వాత గది కదిలిపోవాలి. నిలబడి ఆలోచించుకునే వీలు లేదు. నాకు ఆ ఇంట్లో కంటే పక్కనున్న గుడిలోనే ఎక్కువసేపు గడిచింది. 1920 జూన్ 20న ఆయనకు జ్ఞానస్నానం ఇచ్చిన తొట్టి అక్కడే ఉంది. పోపుగా తిరిగొచ్చినప్పుడు ఆయన దాని ముందు మోకరించి ముద్దు పెట్టుకున్నారు. గుడి గోడ మీద ఒక నీడ గడియారం ఉంటుంది, వాళ్ల వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది. "కాలం పరుగెడుతోంది, నిత్యత్వం ఎదురుచూస్తోంది" అని పోలిష్‌లో రాసి ఉంది దాని మీద. అన్నం తింటూ రోజూ ఆ మాట చూసిన పిల్లాడు, ఇరవై ఒక్క ఏళ్లు నిండకముందే ఇంట్లో అందరినీ పోగొట్టుకున్నాడు. తొమ్మిదో ఏడు నిండకముందే అమ్మ. పన్నెండేళ్ల వయసులో డాక్టరైన అన్నయ్య, రోగులకు వైద్యం చేస్తూ స్కార్లెట్ జ్వరం అంటుకుని. 1941 ఫిబ్రవరిలో నాన్న.

అమ్మ చనిపోయాక ఆ పిల్లాణ్ణి వాళ్ల నాన్న ఎక్కడికి తీసుకెళ్లారో తెలుసా? కల్వారియాకి. నేను నీకు అసలు చెప్పాలనుకున్నది ఆ చోటు గురించే.

కల్వారియా జెబ్జిదోవ్‌స్కా అని పేరు. నోరు తిరగదు కానీ నాలుగుసార్లు అంటే అలవాటవుతుంది. వాదోవిట్సే నుంచి క్రాకోవ్ వెళ్లే దారిలోనే ఉంది. పదిహేడో శతాబ్దం మొదట్లో మికొవాయ్ జెబ్జిదోవ్‌స్కి అనే ప్రభువు అక్కడి కొండల్ని చూసి యెరూషలేము లాగే ఉన్నాయనుకుని, ఆ పట్నంలో క్రీస్తు ప్రభువు నడిచిన దారి లాంటిదే ఇక్కడ కట్టించాడు. ఒక కొండకి ఒలీవ కొండ అని పేరు, ఒక చోటుకి గొల్గొతా, కింద పారే ఏటికి కేద్రోను. అడవిలో, పొలాల గట్లమీద, మలుపుల్లో నలభైకి పైగా చిన్న గుళ్లు కట్టారు. యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలూ ఒకే గుడి గోడల మీద ఉంటాయి కదా, ఇక్కడ ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి నిజంగా నడవాలి. ఆయాసం వస్తుంది. పిలాతు గుడి దగ్గర మెట్లను జనం మోకాళ్ల మీద ఎక్కుతారు. ఆ అడవిదారి నడక అయ్యాకే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది: సిలువ మార్గాన్ని నేను ఇన్నేళ్లూ నోటితోనే చేశాను.

నేను వెళ్లిన రోజు సన్నగా వాన. బస్సు ఒక స్టాపు ముందే దిగిపోయాను, పొరపాటు నాదే. గొడుగు బస్సులోనే ఉండిపోయింది. బసిలికాలో మరియమాత పటం ముందు కాసేపు కూర్చున్నా ప్రార్థన రాలేదు. నాన్న పోయి పదకొండు నెలలైంది కదా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అప్పటి నుంచి నాకు ప్రార్థన సరిగా రావడం లేదని. పుస్తకం తీస్తే కళ్లు చదువుతాయి, మనసు ఎక్కడో ఉంటుంది.

ఆ తర్వాత దారిపట్టాను. మూడో నాలుగో గుడి దగ్గర ఒక ముసలావిడ చేతికర్రతో నిలబడి ఉంది, తలకు రుమాలు. నన్ను చూసి తన గొడుగు కొంచెం పక్కకు జరిపింది, రమ్మన్నట్టు. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. జపమాల పైకెత్తి చూపించింది, నేను నీది తీశాను. ఆమె పోలిష్‌లో మంగళవార్త జపం సగం చెప్పి ఆగింది. నేను "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా" అని తెలుగులో మిగతా సగం అందుకున్నాను. అలా ఒక గొడుగు కింద జపమాలలోని ఐదు పదులూ చెప్పుకుంటూ నడిచాం జోజీ. ఎక్కడా మాట తడబడలేదు, మధ్యలో మనసు పక్కకు పోలేదు. చివర్లో ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదో అంది, అర్థం కాలేదు. వెళ్లిపోయాక గుడి మెట్టు మీద కూర్చుని నాన్న కోసం ఏడ్చాను. పదకొండు నెలల్లో మొదటిసారి.

కరోల్ వొయ్తివా, అదే పోపుగారి అసలు పేరు, గురువయ్యాక, క్రాకోవ్ మేత్రాణులు అంటే బిషపయ్యాక కూడా ఆ దారుల్లో నడవడం మానలేదు. చెప్పాపెట్టకుండా వచ్చి, ఒంటరిగా, తన విచారణల (పారిష్‌ల) సమస్యలు మోసుకుంటూ నడిచేవారు. చాలా చిక్కులు అక్కడ ప్రార్థించాకే విడిపోయాయని 1979 జూన్ 7న అక్కడి జనానికి ఆయనే చెప్పారు. అదే రోజు వాళ్లను ఒకటి అడిగారు, తాను బతికి ఉన్నప్పుడూ పోయాకా తన కోసం ప్రార్థించమని. 2002 ఆగస్టు 19న, సొంత దేశంలో ఆఖరి పూజ కూడా అక్కడే చేశారు. అప్పటికి నిలబడడమే కష్టంగా ఉంది. మళ్లీ అదే కోరిక కోరారు. ప్రపంచమంతా తిరిగి, ఇటలీ బయటే 104 యాత్రలు చేసిన మనిషి, చివరికి నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన చోటికే వచ్చి ఆ మాట అడిగారంటే నాకు గొంతు పూడుకుపోయింది.

సరే, ఇక నోవా హూతా. క్రాకోవ్ పక్కన, 1949లో ఉక్కు కార్మికుల కోసం ప్రభుత్వం కొత్తగా కట్టిన పట్నం. గుడి లేని పట్నంగా ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. 1960లో గుడి కోసం కేటాయించిన స్థలంలో జనం పాతిన సిలువను తీయించబోతే పెద్ద గొడవ జరిగింది. చివరికి అనుమతి వచ్చాక, 1967 నుంచి పదేళ్లు కష్టపడి కట్టుకున్న గుడి ఆర్కా పానా, అంటే ప్రభువు ఓడ. నిజంగా ఓడలాగే ఉంటుంది. బయటి గోడలకు నదుల్లోంచి ఏరుకొచ్చిన గులకరాళ్లు పొదిగారు, ఇరవై లక్షల పైచిలుకు. చేత్తో తడిమి చూశాను. ఒక్కో రాయి ఎవరో ఒకరు వంగి ఏరిందే కదా. లోపల ఉక్కుతో చేసిన పెద్ద క్రీస్తు స్వరూపం సిలువ మీంచి గాల్లోకి లేచిపోతున్నట్టు ముందుకు వంగి ఉంటుంది. ఇంకో మూల మరియమాత స్వరూపం, రెండో ప్రపంచయుద్ధంలో మోంతె కసీనో దగ్గర గాయపడిన పోలిష్ సైనికుల ఒంట్లోంచి తీసిన ఇనుప ముక్కలతో పోతపోసింది. దాని ముందు నేను ఏమీ అడగలేకపోయాను, ఊరికే నిలబడ్డాను.

ఆ గుడిని 1977 మే 15న ప్రతిష్ఠించింది కార్డినల్ వొయ్తివాయే. రెండేళ్లకు పోపై తిరిగొస్తే, తాను ప్రతిష్ఠించిన గుడికి తనను రానివ్వలేదు. ఆయన దగ్గర్లోని మొగివా పాత మఠానికి వెళ్లి, అక్కడి నుంచే నోవా హూతా సిలువ గురించి మాట్లాడారు. నేను ఆ రెండింటి మధ్య నడిచాను. పెద్ద దూరం కాదు. ఆ కొద్ది దూరం ఆయనకు ఎంత బాధ కలిగించి ఉంటుందో అనుకుంటూ నడిచాను.

వగేవ్నికి గురించి నీకు తెలిసిందే, పునీత ఫౌస్టీనా సమాధి ఉన్న దివ్య కారుణ్య క్షేత్రం. మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకు అందేలా వెళ్లు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోపుగారు దగ్గర్లోని సోల్వే రసాయనాల ఫ్యాక్టరీలో కూలిపని చేస్తూ, చెక్క చెప్పులతో ఆ దారిన పోయేవారు. 2002లో అక్కడి కొత్త బసిలికాను ప్రతిష్ఠించినప్పుడు ఆ చెప్పుల సంగతి ఆయనే తలచుకున్నారు. ఆ ఫ్యాక్టరీ వ్యర్థాలు పోసిన తెల్లటి నేల మీదే ఇప్పుడు ఆయన పేరున క్షేత్రం కట్టారు. 1981 మే 13న తుపాకీ గుండు తగిలినప్పుడు ఆయన ఒంటిమీద ఉన్న అంగీ అక్కడుంది, నెత్తుటి మరకలతో సహా.

నాజీల నిర్బంధ శిబిరం ఆష్విట్స్‌కీ వెళ్లాను. పునీత మాక్సిమిలియన్ కోల్బే చనిపోయిన గది చూశాను. ఆ చోటు గురించి నా దగ్గర మాటల్లేవు. 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు అక్కడ ప్రసంగం చేయకుండా మౌనంగా ప్రార్థించి వచ్చేశారు. అదే సరైనదనిపించింది.

చివరగా చెన్‌స్తొహోవాలోని యాస్నా గూరా మఠం. రాత్రి తొమ్మిదింటి ప్రార్థనకు గుడి కిక్కిరిసిపోయింది. నల్ల మరియమాత ముఖం నేను ఫోటోల్లో చూసినంత నల్లగా అనిపించలేదు. చెంప మీది రెండు గాట్లు మాత్రం దూరం నుంచీ తెలుస్తాయి, 1430లో దోపిడీగాళ్లు చేసిన గాయాలు. గుండు దూసుకుపోయిన పోపుగారి నడికట్టు కూడా ఆ గుడిలోనే గాజు పెట్టెలో ఉంది, ఆయనే తల్లికి ఇచ్చుకున్నారు. పటం దగ్గరిదాకా పోనివ్వరు, మధ్యలో ఇనుప కటకటాలు. నీ జపమాలను ఆ కటకటాలకే ఆనించి ఉంచాను, బాకాలు మోగి వెండి తెర పూర్తిగా దిగేదాకా.

నీ మోకాలు కుదుటపడ్డాక ఇద్దరం మళ్లీ వెళదాం. కల్వారియాలో అన్ని గుళ్లూ నడవక్కర్లేదు, బసిలికా దాకా కారు వెళుతుంది. అక్కడ కూర్చుని నువ్వు పైనుంచి జపం చెప్పు, నేను కింద నడుస్తాను.

నువ్వు రాసిచ్చిన చీటీ మడత విప్పలేదు, అలాగే యాస్నా గూరాలో విన్నపాల పెట్టెలో వేశాను. జపమాల ఆదివారం పూజయ్యాక ఇంటికి తెచ్చిస్తాను. కల్వారియా వానలో తడిసి దారం కొంచెం వదులైంది, పూసలు జాగ్రత్త.

నీ
శౌరి