నువ్వు మాత్సుధే

ఒరే గురూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. తిట్టుకో, కానీ తొందరగా తిట్టేసుకుని కిందికి రా. నీకొకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ రాత్రి కూడా నిద్ర పట్టదు. ఇంట్లో అందరూ బాగున్నారు. మోకాలి నొప్పి అలాగే ఉంది, ఉద్యోగమూ అలాగే ఉంది. నీ గొడుగు మాత్రం నా దగ్గర లేదు, ఎన్నిసార్లు అడిగినా లేదు. అయిపోయాయి కబుర్లు.

నవల ప్రూఫ్ కాపీ వచ్చింది!

అచ్చు వేసే ముందు చూసుకోడానికని ఒకే ఒక్క కాపీ తీసి పంపారు. కవరు చింపి వాసన చూశాను. నవ్వకు, నువ్వైనా చూస్తావు. అమ్మా నాన్నా తమ్ముడూ చుట్టూ చేరారు. "ఏదీ, ఒక ముక్క చదువు" అన్నాడు నాన్న. నేనేమో నేరుగా 171వ పేజీ తీశాను. అదేరా, గేటు దగ్గర వానలో సీను, నీ కంట్లో నలక పడిన సీను. గొంతు సవరించుకుని చదివాను:

"ఈ లోకంలో నాకు నువ్వు మాత్సుధే..."

ఆగిపోయాను. "అంటే ఏంట్రా?" అంది అమ్మ. "సంస్కృతం అయ్యుంటుంది" అన్నాడు తమ్ముడు. కింద లైను చూశాను. "ఇదంతా నీ భ్సుధ." పేజీ తిప్పాను. విచిత్సుధైన నిశ్శబ్దం. పక్క పేజీలో ఊరు క్సుధంగా దూసుధైపోయింది. అన్నిటికన్నా ఘోరం, హీరో తండ్రి చివరి క్షణాల్లో కొడుకుని దగ్గరికి సుధ్మన్నాడు. తమ్ముడు సోఫా మీంచి కిందికి జారి నవ్వుతున్నాడు. నాన్న మాత్రం మర్యాదగా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నాకు రక్తం మరిగిపోయింది. డీటీపీ చేసే ఆయనకి ఫోన్ చేశాను. ఆయన మీద నాకు ముందే ఒక అనుమానం ఉంది. మొదట పంపిన శాంపిల్ పేజీల్లో ఒత్తులన్నీ అక్షరం కింద కూర్చోకుండా పొల్లుతో సహా పక్కకొచ్చి నిలబడ్డాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒకటుందిట, అది ఆన్ చేయకపోతే మన ఒత్తులు దానికి అర్థం కావు. ఆయన ఒక్క నిమిషంలో సరిచేశాడనుకో. కానీ నా మనసులో ఆ ముద్ర ఉండిపోయింది. మళ్ళీ అదే చేశాడనుకుని నోటికొచ్చినట్టు అరిచాను. నా రెండేళ్ళ కష్టం అన్నాను, నీకు భాష మీద గౌరవం లేదన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను. ఆయన మొత్తం విని, "సార్, మీరు పంపిన ఫైలు ఒక్కసారి తెరిచి చూడండి" అన్నాడు. అంతే.

తెరిచాను. మాత్సుధే, మాత్సుధే, మాత్సుధే. నా ఫైల్లోనే.

అసలు జరిగిందేంటంటే... మా రమత్త తెలుసుగా? నవలలో అమ్మాయి పేరు మొదటినుంచీ రమ. రాసేటప్పుడు అత్త గుర్తే రాలేదు, ఒట్టు. కానీ కథలో ఆ అమ్మాయి ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళిపోవడం, ఆ అప్పుల గొడవ, అవన్నీ చదివితే అత్త ఏమనుకుంటుందోనని ఫైలు పంపే ముందు రోజు రాత్రి పదకొండింటికి భయం పట్టుకుంది. ఒక్క నొక్కు నొక్కి ఎక్కడ "రమ" ఉంటే అక్కడ "సుధ" పెట్టేశాను. పూర్తి పదం అయితేనే మార్చు అనే గడిలో టిక్కు పెట్టొచ్చుగా అంటావు. పెడితే రమకి, రమని, రమతో ఏవీ మారవు కదా, మన విభక్తులన్నీ పేరుకి అంటుకునే ఉంటాయి! ఆ తెలివితోనే టిక్కు తీసేశాను. మాత్రమేలో రమ ఉంది, శ్రమలో రమ ఉంది, భ్రమలో రమ ఉంది, ఆశ్రమంలో రమ ఉంది, అవసరమైతేలో కూడా ఉంది అని ఆ రాత్రి తట్టలేదు. 600 చోట్ల మారిందని చూపిస్తే, అబ్బో, మన హీరోయిన్‌కి ఎంత ప్రాధాన్యం ఇచ్చానో అని మురిసిపోయాను రా!

ప్రూఫులు చూసిన పెద్దాయన రెండుసార్లు చదివి, ఎర్ర పెన్నుతో పేజీలన్నీ నింపి, చివర్లో "ఇక దీన్ని ముట్టుకోకు" అని మరీ చెప్పాడు. ఆయన పెట్టిన దిద్దుబాట్లు ఎక్కించిన ఫైలు మీదే ఈ ఘనకార్యం చేసి, దానిమీదే సేవ్ చేశాను. డీటీపీ అయ్యాక పీడీఎఫ్ పంపి చూసుకోమన్నారు. ఇరవై నిమిషాల్లో ఓకే చెప్పాను. ఏం చూశానంటావా? పేజీ నంబర్లు, అధ్యాయాల పేర్లు, అట్ట మీద నా పేరు. నా పేరు మూడుసార్లు చూశాను.

కంగారులో సుధని మళ్ళీ రమ చేసేద్దామని అదే నొక్కు ఇంకోసారి నొక్కాను. హీరో చెల్లెలు వసుధ కాస్తా వరమ అయింది. గబగబా వెనక్కి తిప్పాను.

చివరికి దారి చూపించింది ఎవరనుకున్నావ్? ఆ డీటీపీ ఆయనే. పొల్లు వెంటనే సుధ వచ్చే మాట తెలుగులో ఉండదు కదా సార్, ముందు అవి వెతుకుదాం అన్నాడు. దాంతో మాత్సుధేలూ భ్సుధలూ శ్సుధలూ సగానికి పైగా దొరికాయి. మిగతావి, దూసుధైనవీ అవససుధైతేలూ, మూడు రాత్రులు కూర్చుని చేత్తో ఏరాను. పేరుకి ముందు ఒక ఖాళీ పెట్టి వెతికుంటే ఇంత జరిగేది కాదుట. "అప్పుడైనా 'రమ్మన్నాడు' అనే మాట, రమతోనే మొదలవుతుంది కదా, దొరికిపోయేదే లెండి" అన్నాడు. భాష మీద గౌరవం లేదన్నానే ఆయన్ని! క్షమించమని అడిగాను. "మొదటి పుస్తకం కదా సార్, అందరూ అరుస్తారు" అన్నాడు. ఆ మాటకి ఇంకా సిగ్గేసింది.

ఇంకో తమాషా. అన్నీ సరిచేశాక పుస్తకం 241 పేజీలకొచ్చింది. పదహారు పేజీలకి ఒక ఫారం. 240 అయితే సరిగ్గా పదిహేను ఫారాలు. ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం, చివర పదిహేను తెల్ల పేజీలు. పేజీలు మారితే పుస్తకం వెన్ను మందం మారుతుంది, అట్ట మళ్ళీ సరిచేయాలి. నాలుగు లైన్లు తగ్గించండి అన్నాడు. ఏం తీసేశానో ఊహించు. చంద్రుడు! తొమ్మిదో అధ్యాయంలో చంద్రుడు. నువ్వు పదకొండు పేజీల ఉత్తరం రాసి బతిమాలినా తీయనివాణ్ణి, ఫారం కోసం తీసేశాను. పండగ చేసుకో.

ఐఎస్‌బీఎన్ వచ్చింది, అదే, పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, చెప్పడం మర్చిపోయాను. 978తో మొదలయ్యే పదమూడు అంకెలు. చివరి అంకె ముందున్న పన్నెండింటినీ లెక్కగట్టి పెడతారు, ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ లెక్క కుదరక దొరికిపోతుంది. రెండు లక్షల అక్షరాలు రాసినవాడికి అలాంటి అంకె ఒకటి ఇవ్వకూడదూ? ఈబుక్కుకి వేరే నంబరు కావాలిట, దాని సంగతి తర్వాత.

నిజం చెప్పనా, నవ్వులాటగా రాస్తున్నా గానీ ఆ మూడు రాత్రులూ చాలా బెంగగా ఉండిందిరా. ప్రచురణకర్త ఉంటే ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. ఇక్కడ రాసేదీ నేనే, దిద్దించేదీ నేనే, ఓకే చెప్పేదీ నేనే. ముందు వంద కాపీలే వేయిస్తున్నా. ఆ వందకైనా ఎవరు... సర్లే, అది ఇంకో ఉత్తరంలో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు! నిన్న రమత్త ఫోన్. అమ్మ మొత్తం చెప్పేసింది. నవ్వుతుందనుకున్నా. గొంతు అదోలా ఉంది. "నా పేరు తీసేశావట్రా? హీరోయిన్ పేరు నాదేనని అందరికీ చెప్పుకున్నానే" అంది. అప్పులూ అబద్ధాలూ అన్నీ చెప్పాను. "ఉంటే ఉన్నాయి, పేరు మాత్రం నాదే కదా" అంది!

ఇప్పుడేం చేయమంటావు? రేపు పొద్దున ఫైలు అచ్చుకి వెళ్ళాలి. మార్చనా, వద్దా? మూడో బెంచీ మీద ఒట్టేసి చెప్పు. నీ జవాబు వచ్చేలోపు ఎలాగూ... ఇదిగో, ఆ డీటీపీ ఆయనే ఫోన్ చేస్తున్నాడు, ఉంటా.

నీ
మాత్సుధేగాడు