వెనిగర్ పండ్లకు, క్రీమ్‌కు కాదు

అమ్మలూ,

ఈ ఆదివారం స్నేహితులు భోజనానికి వస్తున్నారు, చివర్లో చల్లగా ఏదైనా చేసి పెట్టాలి అన్నావు. స్ట్రాబెర్రీలు, క్రీమ్, కాస్త వెనిగర్ అని నేను చెప్పగానే "తీపిలో వెనిగరా నాన్నా! క్రీమ్ విరిగిపోదూ?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదది, అందుకే రాస్తున్నాను. నిజానికి ఈ వంటంతా నీ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వెనిగర్ ఎందుకో, ఎక్కడ వేయాలో, ఎప్పుడు వేయాలో తెలిస్తే మిగతాది చేతిపనే.

ముందు విరగడం సంగతి చెప్తాను. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పులుపు పెరిగి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 దగ్గరికి దిగితే ఆ ప్రోటీన్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. వేడి తోడైతే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మరిగే పాలలో వెనిగర్ పడితే క్షణాల్లో విరిగేది అందుకే. చిక్కటి క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, కేసిన్ తక్కువ. పైగా మనం పొయ్యి దగ్గరికే వెళ్లడం లేదు, అంతా చల్లగా చేస్తున్నాం. కాబట్టి పాలు విరిగినంత సులువుగా క్రీమ్ విరగదు. అయినా సరే, వెనిగర్‌ని నేరుగా క్రీమ్‌లో పోయకు. పండ్లకు పట్టించు. ఆ పండ్లూ క్రీమూ కలిసేది తినే ముందే. ఈ ఒక్క మాట పట్టుకుంటే నువ్వు టెన్షన్ పడాల్సిన పనే లేదు.

మరి వెనిగర్ ఎందుకు? క్రీమ్‌లోని కొవ్వు నాలుక మీద పూతలా పరుచుకుంటుంది. మొదటి రెండు చెంచాలూ హాయిగా ఉంటాయి. ఆ తర్వాత పండు రుచి మందగిస్తుంది, మొహం మొత్తుతుంది. అప్పుడు చక్కెర ఇంకాస్త వేస్తే వెగటు పెరుగుతుందే గాని తగ్గదు. అక్కడ కావలసింది పులుపు. నిమ్మరసం పిండొచ్చు కదా అంటావు. పిండొచ్చు, బాగానే ఉంటుంది. కాని నిమ్మలో పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లానికి వాసన లేదు, అది నాలుక దగ్గరే ఆగిపోతుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం గాలిలోకి లేచే రకం. చెంచా నోటి దాకా రాకముందే ముక్కుకు అందుతుంది. స్ట్రాబెర్రీ రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం దాని వాసనే కాబట్టి, ఈ తోడు దానికి బాగా కలిసొస్తుంది. మోతాదు కుదిరితే ఇందులో వెనిగర్ ఉందని ఎవరూ కనిపెట్టలేరు. కూరలో ఉప్పు సరిపోతే ఉప్పు సంగతి ఎవరికీ గుర్తురానట్టే, పండే ఇంత బాగుందేమిటి అనుకుంటారు. మనకు కావలసింది అదే.

ఏ వెనిగర్ అన్నది చాలా ముఖ్యం. దీనికి బాల్సమిక్ వెనిగరే తీసుకో. ఇటలీలో మోదెనా, రెజ్జో ఎమిలియా అనే రెండు ప్రాంతాలు దీనికి పుట్టిళ్లు. అసలైన సంప్రదాయ బాల్సమిక్‌ని ద్రాక్షరసం ఒక్కదానితోనే చేస్తారు. ఆ రసాన్ని కాచి, చిక్కబరిచి, చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంచుతారు. ఏటేటా కొంత ఆవిరైపోతుంది కాబట్టి పెద్ద పీపాలోంచి చిన్న పీపాలోకి మారుస్తూ పోతారు. 25 ఏళ్లు దాటినదానికి 'ఎక్స్‌ట్రావెక్కియో' అని ప్రత్యేకంగా పేరు. మోదెనాలో దాన్ని 100 మిల్లీలీటర్ల బుడ్డి సీసాల్లోనే అమ్ముతారు. పాకంలా చిక్కగా, తీపీ పులుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటుంది. అది నీకు అక్కర్లేదు తల్లీ. దొరికితే పండు మీద నాలుగు చుక్కలు వేసుకుని తినాల్సిన వస్తువు అది, గిన్నెలో కలిపేది కాదు.

రోజువారీ వాడకానికి అమ్మేది వేరు. దాని మీద 'అచెటో బాల్సమికో ది మోదెనా' అని, పక్కన ఐజీపీ ముద్ర (ఆ ప్రాంతంతో ముడిపడిన సరుకని చెప్పే యూరప్ గుర్తు) ఉంటుంది. అందులో ద్రాక్షరసపు పాకంతో పాటు వైన్ వెనిగర్ కూడా కలిసి ఉంటుంది, కనీసం 60 రోజులు నిల్వ ఉంచుతారు. మనకు అది చాలు. కొనేటప్పుడు లేబుల్ వెనక్కి తిప్పి చూడు. పదార్థాల వరుసలో ద్రాక్షరసం ముందుండి వైన్ వెనిగర్ తర్వాత ఉంటే అది తియ్యగా, చిక్కగా ఉంటుంది. వైన్ వెనిగర్ ముందుంటే ఘాటు ఎక్కువ, చక్కెర ఒక చెంచా పెంచుకోవాలి. ఎక్కడ తిరిగినా బాల్సమిక్ దొరక్కపోతే యాపిల్ సైడర్ వెనిగర్ సగం మోతాదులో వేసి, చెంచాడు తేనె కలుపు. నీళ్లలా తెల్లగా ఉండే మామూలు వెనిగర్ మాత్రం దీనికి వద్దే వద్దు. అది పచ్చళ్లకు పనికొస్తుంది, గిన్నెలు తోమడానికీ పనికొస్తుంది. ఇందులో వేస్తే ఆ ఘాటు ఒక్కటే మిగులుతుంది.

పండ్ల దగ్గర మాత్రం రాజీ పడకు. స్ట్రాబెర్రీ కోసిన తర్వాత ఇక పండదు. కాడ దగ్గర తెల్లగా ఉన్నదాన్ని తెచ్చి వారం ఉంచినా రంగు కాస్త ముదురుతుందేమో గాని తీపి పెరగదు. అందుకని తొడిమ దాకా ఎర్రగా ఉన్నవి చూసుకో. అంతకంటే ముందు వాసన చూడు. డబ్బా మూత తీయగానే వాసన రాకపోతే వెనిగర్ కూడా దాన్ని కాపాడలేదు. పెద్దవా చిన్నవా అన్నది పట్టించుకోకు, చిన్నవే చాలాసార్లు బాగుంటాయి. డబ్బా తిప్పి అడుగున తడి ఉందేమో, బూజు ఉందేమో చూడడం మర్చిపోకు. ఇంటికి తేగానే కడిగి పెట్టకు, తడి ఉంటే తొందరగా పాడవుతాయి. వాడబోయే ముందు తొడిమలతోనే కడిగి, బట్ట మీద ఆరబెట్టి, ఆ తర్వాత తొడిమ తియ్యి. ముందే తొడిమ తీస్తే ఆ గుంటలోకి నీళ్లు వెళ్లి పండు చప్పబడుతుంది.

నలుగురికి 400 గ్రాముల పండ్లు తీసుకో. చిన్నవైతే రెండు ముక్కలు, పెద్దవైతే నాలుగు ముక్కలు చెయ్యి. గాజు గిన్నెలో గాని స్టీలు గిన్నెలో గాని వేసి రెండు పెద్ద చెంచాల చక్కెర, చిటికెడంటే చిటికెడు ఉప్పు చల్లి కలుపు. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు తగిలితే దాని రుచి దిగుతుంది. ఇప్పుడు అరగంట వదిలెయ్. స్ట్రాబెర్రీలో తొంభై శాతం నీరే. బయట చక్కెర గాఢత ఎక్కువగా ఉంది కాబట్టి ఆ నీరు ముక్కలోంచి బయటికి వస్తుంది, వస్తూ వస్తూ రంగునూ రుచినీ వెంట తెస్తుంది. అరగంటకల్లా గిన్నె అడుగున ఎర్రటి రసం చేరుతుంది. ఈ రసమే మన సాస్. విడిగా కాచి చేసే సాస్ కంటే ఇదే నాకిష్టం, ఎందుకంటే దీంట్లో పచ్చి పండు వాసన అలాగే ఉంటుంది.

రసం ఊరాక వెనిగర్ వెయ్యి, ముందు కాదు. రెండు చిన్న చెంచాలు చాలు. అసలు ఒక చెంచాతో మొదలుపెట్టి, కలిపి, రసం రుచి చూసి, అప్పుడు రెండోది వెయ్యి. పండు ఏ రోజుకారోజు వేరుగా ఉంటుంది, పుల్లటి పండైతే ఒక చెంచాతోనే ఆపాల్సి రావచ్చు. పుల్లగా అనిపించడం మొదలైందంటే ఎక్కువైనట్టే. పావుగంట నుంచి అరగంట లోపు వడ్డించెయ్. రాత్రంతా నానబెడితే ముక్కలు మెత్తబడి జావైపోతాయి, పండు కొరికిన తృప్తి ఉండదు. ఇష్టమైతే చివర్లో మిరియాలు ఒక్క విసురు విసిరి చూడు. ఇటలీలో అలా తినడమూ ఉంది. నాకు నచ్చుతుంది, మీ అమ్మకు అస్సలు పడదు.

క్రీమ్ గురించి చెప్పాల్సింది తక్కువే, కాని దాంట్లో పొరపాటుకు చోటు లేదు. ప్యాకెట్ మీద కొవ్వు శాతం చదువు. 30 శాతం కంటే తక్కువ ఉన్న క్రీమ్ ఎంత గిలకొట్టినా నిలబడదు. 35 ఉంటే నిశ్చింత. నురుగు నిలబడేది కొవ్వు కణాలు గాలి బుడగల చుట్టూ చేరి గోడలా అతుక్కుంటేనే, ఆ కొవ్వు గట్టిగా ఉండాలంటే చల్లదనం కావాలి. ఎండాకాలం కదా, క్రీమ్ ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టు. గిన్నె, బీటర్ కూడా పావుగంట ఫ్రీజర్‌లో ఉంచు. 200 మిల్లీలీటర్ల క్రీమ్‌కు రెండు పెద్ద చెంచాల పొడి చక్కెర, వనిల్లా ఎసెన్స్ ఉంటే అర చెంచా. బీటర్ తీసిన చోట గీతలు పడి, పైకెత్తితే కొస మెత్తగా వంగుతుంటే ఆపెయ్. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటే పలుకులు పలుకులుగా మారి చివరికి వెన్న తేలుతుంది.

నేనైతే దీంట్లో గట్టి పెరుగు కలుపుతాను. 400 గ్రాముల తియ్యటి పెరుగుని పలుచటి బట్టలో వేసి, ఫ్రిజ్‌లోనే నాలుగైదు గంటలు వడకడితే సుమారు సగానికి దిగుతుంది. దాన్ని ఉండలు లేకుండా మెదిపి, గిలకొట్టిన క్రీమ్‌లో గరిటెతో కింద నుంచి పైకి మడతపెట్టినట్టు కలుపు. గిరగిరా తిప్పితే ఇందాక ఎక్కించిన గాలంతా పోతుంది. ఒట్టి క్రీమ్ కంటే ఇది తేలిగ్గా ఉంటుంది, కడుపునిండా తిన్నాక కూడా ఇంకో చెంచా తినాలనిపిస్తుంది. పెరుగు పులుపు క్రీమ్‌ని విరగ్గొట్టదా అని మళ్లీ అడుగుతావేమో. పెరుగంటే అప్పటికే గడ్డకట్టిన పాలే, ఇక కొత్తగా విరిగేదేముంది! కాకపోతే పుల్లబడ్డ పెరుగు మాత్రం వద్దు. నీకు 25 శాతం క్రీమ్ తప్ప వేరేది దొరకలేదనుకో, గిలకొట్టే ప్రయత్నమే చేయకు. చల్లగా పెట్టి, వడకట్టిన పెరుగులో కొంచెం కొంచెంగా పోసి కలుపు. నురుగు రాదు గాని నున్నగా, చిక్కగా బ్రహ్మాండంగా ఉంటుంది.

వడ్డించడం తినే ముందే. గాజు గ్లాసుల్లో ముందు కొన్ని ముక్కలు, పైన క్రీమ్, మళ్లీ ముక్కలు, చివర్లో రసం. రసం అక్కడక్కడా క్రీమ్‌లోకి జారి గులాబీ చారలు పడతాయి, వాటిని కలపకు, అలాగే వదిలెయ్. కరకరలాడేది ఏదైనా కావాలంటే బిస్కెట్లు చిదిమి పైన వెయ్యి, అడుగున వేస్తే నానిపోతాయి. అతిథులు ఆలస్యంగా వస్తారనుకుంటే క్రీమ్ ఒక గిన్నెలో, పండ్లు ఇంకో గిన్నెలో ఫ్రిజ్‌లోనే ఉంచు. కలిపిన గ్లాసులు బల్ల మీద గంటల తరబడి పెట్టకు. క్రీమూ పెరుగూ ఉన్నది ఈ ఎండల్లో గంటకు మించి బయట ఉండడం మంచిది కాదు.

స్ట్రాబెర్రీలు బాగాలేకపోతే వేరే బెర్రీలు తెచ్చుకో, కాని అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు. రాస్బెర్రీ లోపల బోలు, ముట్టుకుంటే చిదికిపోతుంది. దాన్ని కోయకు, ఊరబెట్టకు, వడ్డించే పది నిమిషాల ముందు చక్కెర, వెనిగర్ చిలకరించు చాలు. అసలే పుల్లన కాబట్టి వెనిగర్ సగానికి తగ్గించు. బ్లూబెర్రీకి తోలు మందం, చక్కెర చల్లి గంట కూర్చున్నా రసం దిగదు. పిడికెడు పండ్లను చక్కెరతో చిన్న మంట మీద పగిలేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, మిగతా పచ్చి పండ్లలో కలుపు. వేడి మీద క్రీమ్ వేస్తే అంతా కరిగి కారిపోతుంది.

పండ్ల రసం మిగిలితే పారబొయ్యకు. వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాడు గ్లాసులో రెండు చెంచాలు వేసుకుని చల్లటి సోడా పోసుకో. పండు, చక్కెర, వెనిగర్ కలిపి పానకంలా తాగడం చాలా పాత అలవాటు, ఇంగ్లిష్‌లో దానికి ష్రబ్ అనే పేరు కూడా ఉంది.

శనివారం కొనడానికి వెళ్లినప్పుడు వెనిగర్ సీసా లేబుల్ రెండు వైపులా ఫోటో తీసి పంపు. ఏది తీసుకోవాలో చూసి చెప్తాను. క్రీమ్ ప్యాకెట్ కూడా.

ప్రేమతో,
నాన్న