మోటారుకో ఫోన్ నంబరు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడంతా కులాసా, వానలే పడీపడనట్టున్నాయి. అసలు సంగతికొస్తా.

మీ నాన్నగారి బోరుకి మొబైల్ స్టార్టర్, అదే ఫోన్‌తో మోటారు వేసే పెట్టె, పెట్టిస్తానన్నావుగా. పెట్టించు. కానీ షాపులో ఆటో స్టార్టర్ అంటగడతారు, జాగ్రత్త. త్రీఫేస్ కరెంటు రాగానే చేనుకి నీళ్లు కావాలా వద్దా అని లేకుండా తిరిగేస్తుందది. 2018 జనవరి 1న తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, వాటిని పీకేయండని సర్కారే రైతులకి చెప్పింది. మొబైల్‌దైతే ఫోన్ కొడితేనే కదులుతుంది.

చాలా పెట్టెల్లో ఉండేది 2జీ. జియోకి 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే పలకదు. యాంటెనా ఇనప డబ్బా లోపలుంటే సిగ్నల్ అందదు, బయటికి తీయించు. రీచార్జి గడువు దాటిందా, మోటారు మూగదే!

నీళ్లు లేకుండా మోటారు తిరగడమే డ్రై రన్. ఎన్ని ఆంపియర్లకి దిగితే మోటారు ఆగిపోవాలో పెట్టెలో పెడతారు, దాన్ని అందాజాగా పెట్టనివ్వకు. 5 హెచ్‌పీ మోటారు నిండుగా పోస్తుంటే 7, 8 ఆంపియర్లదాకా లాగుతుంది, నీళ్లు దిగితే ఆ అంకె పడిపోతుంది. బాగా పోస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసేది) కొలిచి, దానికి కాస్త కింద పెట్టించు. మరీ తక్కువ పెడితే ఆగాల్సినప్పుడు ఆగదు. అలా వట్టిగా తిరిగి వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) కాలితే పైపులన్నీ పైకి లాగాలి, ఆ ఖర్చు నీకు తెలుసు.

ఇప్పుడు అసలు తలనొప్పి. కరెంటు పోయి వచ్చాక తనంతట తనే మళ్లీ ఎత్తుకునే ఏర్పాటు ఇందులోనూ ఉంటుంది. నాలుగు మోటార్లున్న మీ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదే ఫేజుకి 33 ఆంపియర్లు. ఒక్కో మోటారు లేచేటప్పుడు క్షణకాలం 40 లాగుతుంది. నాలుగూ ఒక్కసారి లేస్తే? హాస్టల్లో ఇడ్లీలకి గంట కొట్టినప్పటి తోపులాటే! ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఒకరు 30 సెకన్లు, ఒకరు 60, తర్వాత 90, 120 అని డిలే, అంటే కరెంటొచ్చాక మోటారు ఆగి లేచే వ్యవధి, పెట్టుకోవాలి. యాప్‌లో ఆ సంఖ్య కొట్టడం రెండు నిమిషాల పని, 30 ఎవరికన్నదే పంచాయితీ. మీ పెదనాన్నకే ఇచ్చెయ్, లేదంటే తెల్లారిపోద్ది. ఇదివరకు రాత్రి కరెంటొస్తే టార్చీలు పట్టుకుని కేకలేసుకుంటూ వెళ్లేవాళ్లు, ఎవరిది తిరుగుతోందో అందరికీ తెలిసేది. ఇప్పుడేమో... సరే, అదింకోసారి.

బస్సు హారన్ కొడుతున్నాడు. ఒక్కటి మాత్రం మరవకు: స్టార్టర్‌లో ఎవరు చెయ్యి పెట్టినా ముందు మెయిన్ స్విచ్ దించాలి. వైర్లు వాళ్ల చేతిలో ఉండగా నువ్వు హైదరాబాదు నుంచి ఫోన్ కొట్టావనుకో

వెళ్తున్నా, మిగతాది ఫోన్లో.