బోన్సాయ్ బుక్ చేసుకున్నవాళ్లకు: ఏవి వస్తాయి, ఏవి ఆగుతాయి

అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఎండాకాలానికి ముందు మా దగ్గర బుక్ చేసుకున్న ఫైకస్ (మర్రి, రావి కూడా ఈ జాతివే), మర్రి, రావి బోన్సాయ్‌లలో చాలావరకు దసరాకు ఇవ్వలేం. అడేనియంలు (ఎడారి గులాబీలు) ఇస్తాం. జేడ్ మొక్కలు కావలసినన్ని ఉన్నాయి. జేడ్ ఇన్ని ఉండటానికి కారణం కోతులు, ఆ కథ కింద ఉంది. డబ్బులు వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, ఎందుకని అడగం. ఆగుతామనేవాళ్లకు మాత్రం ఎందుకు ఆగాలో తెలియాలి కదా, అందుకే ఇంత రాస్తున్నాను.

నల్లగొండ ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలంటే మనకు వార్తే కాదు. నేలలో ఉన్న చెట్టు దాన్ని తట్టుకుంటుంది, దాని వేళ్లు లోపల చల్లగా ఉంటాయి. బోన్సాయ్ ట్రేలో మట్టి రెండు మూడు అంగుళాలే. ట్రే అంచు కాలితే లోపలి మట్టి కూడా కాలుతుంది. ముందు చచ్చేవి సన్నని పీచు వేళ్లు. నీళ్లు తాగేవి అవే. అందుకే ఏటా షేడ్‌నెట్ కింద పెట్టి, పొద్దున సాయంత్రం తడుపుతూ మే నెల దాటిస్తాం. ఈసారి రోహిణి కార్తెలో గాలిదుమారం వచ్చి నెట్‌ను పైపులతో సహా లేపేసింది. అదే గాలికి మా వైపు ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలింది. నీడ లేదు, మోటార్ నడవదు. ట్యాంకర్ తెప్పించాం, ట్రేల చుట్టూ తడి గోనెసంచులు కప్పాం, దొరికిన చీరలన్నీ పైన కట్టాం. పెద్ద చెట్లను ఇంట్లోకి మార్చాం, మంచాల కింద కూడా ట్రేలే. మిగతావాటికి చోటెక్కడిది?

ఆకులన్నీ రాలిపోయాయి. ఆకు రాలితే చెట్టు చచ్చినట్టు కాదు, ఇది ఇంట్లో బోన్సాయ్ ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. గోరుతో కొమ్మను కొంచెం గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయింది, కిందికి వచ్చి మళ్లీ గీరండి. ఇంకో మాట. ఆకుల్లేని చెట్టు నీళ్లు పెద్దగా తాగదు. పాపం ఎండిపోయిందని రోజూ పోస్తే మిగిలిన వేళ్లు కూడా కుళ్లుతాయి. పై మట్టి ఆరాకే పోయాలి. ఎరువు జోలికి అసలు వెళ్లొద్దు.

మృగశిర వానలు పడ్డాక మా దగ్గర చాలా చెట్లు చిగురించాయి. ఫోటోలో బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. అమ్మాలంటే ఇప్పుడే అమ్మొచ్చు, కొన్నవాళ్లకు తేడా కూడా తెలియదు. కానీ ఆ చిగురు మానులో దాచుకున్న శక్తితో వచ్చింది, కొత్త వేళ్ల బలంతో కాదు. ఇప్పుడు కారు డిక్కీలో వేసుకుని తీసుకెళ్లి ఏసీ గదిలో పెడితే నెల తిరక్కముందే వాడిపోతుంది. అప్పుడు మీరు నాకు ఫోన్ చేస్తారు, చేయాలి కూడా. అందుకే ట్రే చిల్లుల దగ్గర తెల్లటి కొత్త వేళ్లు కనిపించేదాకా ఏ ఫైకసూ మా గేటు దాటదు. ఈ వానాకాలం వాటికి ట్రే మార్చడం, వేళ్లు కత్తిరించడం కూడా ఆపేశాం.

ట్యాంకర్ నీళ్లతో ఇంకో తలనొప్పి వచ్చింది. అది లోతు బోరు నీళ్లు, ఎండిన చోటల్లా ట్రే అంచుకు తెల్లటి ఉప్పు పేరుకుంది. కొత్త ఆకులు పసుపు రంగులోకి మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. చూసినవాళ్లంతా ‘ఫ్లోరైడ్ నీళ్లు కదా’ అన్నారు. మన జిల్లాలో ఏం జరిగినా ముందు ఆ పేరే వస్తుంది, తప్పు పట్టను. కానీ ఫ్లోరైడ్ దెబ్బ డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి వాటికి ఆకు చివర్లు మాడినట్టు కనిపిస్తుంది. ఇది వేరు, ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. ఎక్కువగా షాపుల్లో దొరికే ఈడీటీఏ రకం ఐరన్ ఇలాంటి మట్టిలో సరిగా పనిచేయదు. ఈడీడీహెచ్ఏ రకం కావాలి, నీళ్లలో కలిపితే ఎర్రగా మారుతుంది, ధర కూడా ఎక్కువ. అది పోశాం, పైకప్పు వాన నీళ్లను సంపులోకి మళ్లించాం. కొత్త ఆకులు ఇప్పుడు పచ్చగానే వస్తున్నాయి. పాత పసుపు ఆకులు అలాగే ఉంటాయి, రాలేదాకా వాటిని చూసి కంగారు పడొద్దు.

అందరికంటే ఎక్కువ ఆగాల్సింది ఊడల మర్రి అడిగినవాళ్లు. ‘పిల్లలమర్రిని చిన్నగ చేసి ఇయ్యన్నా’ అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు, పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లయితే మరీ. మర్రికి ఊడలు దిగాలంటే గాలిలో తేమ ఉండాలి, మన దగ్గర ఆ తేమ వానాకాలంలో తప్ప దొరకదు. అందుకని దిగుతున్న ఊడను స్ట్రాలోకి పంపి, లోపల తడి నాచు కూరి, మట్టిని తాకేదాకా కాపాడతాం. సగం దారిలో ఉన్న ఊడలన్నీ మే ఎండకు స్ట్రాలలోనే ఎండిపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం, వచ్చే వానాకాలం దాకా పడుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే తీసుకోండి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెబుతారు, మూడెకరాల్లో పరుచుకుంది. 2017 డిసెంబర్‌లో దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు పట్టాయని 2018లో అటవీ శాఖ వాళ్లు సెలైన్ సీసాల్లో మందు నింపి మానులోకి చుక్కచుక్కగా ఎక్కించారు, వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. అంత మానుకే అంత సేవ చేయాల్సి వచ్చింది. తొందరపెట్టేవాళ్లకు నేను ఇదే చెప్తున్నాను.

ఇక కోతులు. నెట్ చిరిగిన సంగతి మనకంటే ముందు వాటికే తెలిసింది. మర్రి, రావి జోలికి పెద్దగా పోలేదు, జేడ్ మీద మాత్రం పడ్డాయి. దాని ఆకు పుల్లగా నీళ్లు నీళ్లుగా ఉంటుంది కదా, ఎండాకాలంలో వాటికి అంతకంటే ఏం కావాలి? తిన్నంత తిని, మిగతాది విరిచి పారేసి పోయాయి. రబ్బరు పాములు వేలాడదీస్తే ఒకటి రెండు రోజులు దూరంగా కూర్చుని చూశాయి, తర్వాత ఆ పాములతోనే ఆడుకున్నాయి. చివరికి ఇనుప జాలీ కొట్టించాం. అయితే జేడ్ గట్టి ప్రాణి. విరిగిన ముక్కలను నీడలో గాయం ఆరేదాకా ఉంచి గుచ్చితే అన్నీ పట్టుకున్నాయి. ఆ పిల్ల మొక్కలు 60 రూపాయలకు ఇస్తున్నాం. బోన్సాయ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఖరీదైన చెట్టుతో కాకుండా వీటితో మొదలుపెడితే నాకూ టెన్షన్ తగ్గుతుంది.

అడేనియంలు ఎండను పండగ చేసుకున్నాయి, విరగబూశాయి. వాటికి భయం ఇప్పుడే, వానలో నానితే దుంప మెత్తబడి లోపల నుంచి కుళ్లుతుంది. అన్నీ పాలిథిన్ పైకప్పు కిందకు చేర్చాం. కొనేవాళ్లు దుంపను వేలితో నొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకునే తీసుకోండి, మేం ఏమీ అనుకోం.

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చిన పింగాణీ ట్రేలలో చాలావరకు దారిలోనే పగిలాయి. కొత్త లోడ్ వచ్చేదాకా మన కుమ్మరి చేసిన మట్టి ట్రేలలోనే ఇస్తాం, ఆ మేరకు ధర తగ్గిస్తాం. మట్టి ట్రే త్వరగా ఆరుతుంది కాబట్టి నీళ్ల విషయంలో కొంచెం ఎక్కువ గమనించాలి.

జూనిపర్ అడుగుతున్నవాళ్లకు: తెప్పించం. దానికి చలికాలంలో బాగా చల్లబడి విశ్రాంతి తీసుకునే వాతావరణం కావాలి, మన దగ్గర కొన్నాళ్లు పచ్చగా కనిపించి పోతుంది. అలాగే, ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఆ ఇంటివాళ్ల ఎదుగుదల ఆగుతుందని ఎవరో చెప్పారని ఆర్డర్ రద్దు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. నమ్మకాలతో వాదించను. అసలు ఫైకస్‌ను ఇంట్లో కంటే బాల్కనీలో పెడితేనే దానికి మంచిది, ఆ లెక్కన సమస్యే లేదు.

ఫైకస్, రావి దీపావళి తర్వాత ఒక్కొక్కటిగా సిద్ధమవుతాయి. సిద్ధమైనప్పుడు ఆ చెట్టు వేళ్ల ఫోటో పంపుతాను, చూసి ఒప్పుకున్నాకే మిగతా డబ్బు కట్టండి. వానలు తగ్గేదాకా కొరియర్ ఆపేశాం. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వాళ్లు వచ్చి తీసుకెళ్లడం మేలు. ఇంట్లో ఇబ్బంది పడుతున్న చెట్టు ఉంటే ఆదివారం పొద్దున తీసుకురండి, మా దగ్గర కొన్నది కాకపోయినా చూస్తాం, దానికి డబ్బులు తీసుకోం.