తనిఖీలకు కొదవ లేదు, మా పని చూసేవాళ్లే లేరు: ఆరోగ్య మంత్రి గారికి డైటీషియన్ల బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలను చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాల్లో పనిచేస్తున్న డైటీషియన్లం, న్యూట్రిషన్ కౌన్సెలర్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే విషయమై ఇంతకుముందు వినతిపత్రాలు ఇచ్చాం. వాటి మీద రసీదు ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. పోస్టుల గురించీ జీతాల గురించీ ఇచ్చిన అర్జీలకు కనీసం ‘పరిశీలనలో ఉంది’ అన్న మాటైనా వచ్చింది. మా పనిని, ఆ పని తెలిసినవాళ్లు నెలకోసారి చూసేలా చేయండి అని అడిగినదానికి ఆ మాట కూడా రాలేదు. మేం ఏమడుగుతున్నామో స్పష్టంగా చెప్పలేకపోయామేమో అనుకుని, ఈసారి వివరంగా, నలుగురి ముందూ రాస్తున్నాం.

మేం అడిగేదానికి పేరు ‘సూపర్‌విజన్’. ఆ మాట దగ్గరే చిక్కు వస్తోంది. పర్యవేక్షణ కావాలంటే, ‘మీకు తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి కదా’ అంటున్నారు. నిజమే, జరుగుతున్నాయి. వచ్చినవాళ్లు పాల లీటర్లు చూస్తారు, గుడ్ల లెక్క చూస్తారు, సరుకుల ఇండెంటుకూ రోగుల డైట్ షీటుకూ తేడా ఉందేమో చూస్తారు, గోడ మీద మెనూ బోర్డు ఉందా, రిజిస్టర్లో సంతకాలున్నాయా అని చూస్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ ఈ రోగికి ఈ డైట్ ఎందుకు రాశారు, లెక్క ఎలా వేశారు, చెప్పింది రోగికి అర్థమైందని మీకెలా తెలిసింది అని అడిగే మనిషి ఏడాది పొడుగునా ఒక్కరూ రారు. హౌస్ సర్జన్ వెనక యూనిట్ చీఫ్ ఉంటారు, రోజూ రౌండ్లు ఉంటాయి. స్టాఫ్ నర్సు పైన హెడ్ నర్సు ఉంటుంది. డైటీషియన్ మాత్రం చాలా ఆసుపత్రుల్లో ఒక్కరే. ఇంటర్న్‌షిప్ అయిపోయిన మర్నాటి నుంచి తను రాసిందే డైట్, తను వేసిందే లెక్క. అందులో తప్పుంటే ఆ తప్పు పదేళ్లయినా అలాగే నడుస్తుంది.

ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగండి. తీవ్ర పోషణ లోపంతో చేరిన బిడ్డకు మొదటి రోజుల్లో ఇచ్చే ఎఫ్-75 పాల సంగతి మీకు తెలిసిందే. ప్యాకెట్ అందని చోట వంటగదిలోనే కలుపుతారు. ఆవుపాలు 300 మిల్లీలీటర్లు, పంచదార 100 గ్రాములు, నూనె 20 మిల్లీలీటర్లు, ఆపైన నీళ్లు పోస్తూ మొత్తాన్ని 1000 మిల్లీలీటర్లకు తేవాలి. ‘మొత్తాన్ని 1000కి తేవాలి’ అన్నమాట ‘లీటరు నీళ్లు పోయాలి’గా మారిపోతే గిన్నెలో దాదాపు 1380 మిల్లీలీటర్లు తయారవుతాయి. 100 మిల్లీలీటర్లలో 75 కిలో కేలరీలు ఉండాల్సింది 54కు పడిపోతుంది. 6 కిలోల బిడ్డకు కిలోకు 130 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 780 కావాలి, అంటే రెండు గంటలకోసారి 65 చొప్పున 12 సార్లు. చార్టు చూస్తే అంతా సవ్యంగా ఉంటుంది. 65 ఇచ్చారు, 65 తాగింది, టిక్కు పెట్టారు. బిడ్డ కడుపులోకి వెళ్లింది మాత్రం 585 కిలో కేలరీలు కాదు, 420 దరిదాపుల్లో. రక్తంలో చక్కెర పడిపోయే, ఒళ్లు చల్లబడిపోయే ప్రమాదంలో ఉన్న బిడ్డ విషయంలో అది ఎంత తేడానో మీకు మేం చెప్పనక్కర్లేదు.

పైగా ఇది చార్టులో దొరికే తప్పు కాదు. ఈ దశలో బరువు పెరగాలని ఎవరూ ఎదురుచూడరు. బిడ్డ ఆకలి తిరిగి రావడం ఆలస్యమైతే జబ్బు తీవ్రత అనుకుంటారు, ఇన్ఫెక్షన్ అనుకుంటారు, మందు మారుస్తారు. గిన్నె వైపు ఎవరి చూపూ పోదు. వంటామె మారినప్పుడు పాత ఆమె కొత్త ఆమెకు నోటిమాటగా చెప్పి వెళ్తుంది, తప్పు కూడా ఆ మాటతోనే చేతులు మారుతుంది. ఈ పని తెలిసిన ఇంకో డైటీషియన్ పాలు కలిపే వేళకు అక్కడ నిలబడితే చాలు, ‘గిన్నెలో లీటరు గీత ఎక్కడుంది?’ అని అడుగుతుంది. గీత లేకపోతే కొలిచిన నీళ్లు పోసి అక్కడికక్కడే గీత పెట్టిస్తుంది. నూనె సరిగ్గా గిలక్కొట్టక పైన తేలి, మొదటి గ్లాసులోనే ఎక్కువ పడిపోతుంటే పట్టుకుంటుంది. పెద్ద ఖర్చు లేని పని ఇది. కానీ రోజూ అదే గిన్నెను చూసే మా కంటికి ఆ లోటు కనబడదు. ఇంకొక కన్ను కావాలి.

ఇప్పుడు డయాలసిస్ వార్డుకు రండి. ‘కిడ్నీ డైట్’ అని ఒక కాగితం ఉంటుంది, జిరాక్సుకు జిరాక్సు తీసి అక్షరాలు అరిగిపోయినది. పప్పు తగ్గించండి, గుడ్డు, మాంసం మానండి అని ఉంటుంది అందులో. డయాలసిస్ మొదలవక ముందు, కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రొటీన్ చాలనే దశలో, ఆ సలహాకు అర్థం ఉంది. డయాలసిస్ మొదలయ్యాక ప్రతిసారీ కొంత ప్రొటీన్ పోతుంది కాబట్టి అవసరం 1.0 నుంచి 1.2 గ్రాములకు పెరుగుతుంది. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు కావాలి. పాత కాగితం చేతిలో పెడితే ఆయన 30, 40 గ్రాముల దగ్గరే ఉండిపోతాడు. కండ కరుగుతుంటుంది, ఆ స్థానంలో నీరు చేరుతుంటుంది, తూకం మాత్రం అంతే చూపిస్తుంది. ‘బరువు నిలకడగా ఉంది’ అని కేస్ షీటులో రాస్తాం. నీరు తీసేశాక ఉండే బరువు ఎంత, చేతి కండ ఎలా ఉంది అని పక్కన కూర్చుని అడిగేవాళ్లుంటే నెలలోనే బయటపడే సంగతిది.

ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చే రోగుల విషయం కూడా ఇంతే. 250 మిల్లీలీటర్ల చొప్పున ఆరుసార్లు, మొత్తం 1500 కిలో కేలరీలు అని రాస్తాం. రాత్రి రెండు గంటల ఫీడ్ తప్పిపోతుంది, స్కానింగ్ కోసం ఒక పూట ఆపేస్తారు, గొట్టం మూసుకుపోతోందని జావను పలచన చేస్తారు. వెయ్యి కూడా అందదు. మరునాడు మళ్లీ 1500 అనే రాస్తాం. రాసిందెంత, అందిందెంత అని రెండూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు పుస్తకంలో చదివితే రాదు సార్, ఒకరు అడుగుతూ ఉంటేనే వస్తుంది.

ఓపీలో షుగర్ రోగికి ఆహారం గురించి చెప్పడం చూడండి. కళ్లు కాగితం మీద, చెయ్యి పెన్ను మీద, బయట క్యూ. ‘టీ తాగుతారా?’ ‘రెండుసార్లమ్మా.’ అంతటితో తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. చక్కెర ఎన్ని చెంచాలో అడగం. ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్ల నూనె, ఎంతమందికి అని అడగం. అన్నం ఒక కప్పే తినండి అంటాం. ఏ కప్పు? ఆ ఇంట్లో అన్నం గరిటెతో వడ్డిస్తారు. జొన్నరొట్టె తినండి అంటాం, ఆ ఇంటి రొట్టె ఎంత మందమో తెలియదు. చివర్లో ఆయన ‘సరేనమ్మా’ అని కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఆ ‘సరేనమ్మా’ను మేం ‘అర్థమైంది’ అని రిజిస్టర్లో రాసుకుంటాం. మూడు నెలలకు షుగర్ అలాగే ఉంటే ‘రోగి పాటించలేదు’ అని రాస్తాం. తప్పు రోగి మీదికి పోయింది. పక్కన మరో డైటీషియన్ కూర్చుని చూస్తే ‘ఆయన చేత ఒక్కసారి కూడా తిరిగి చెప్పించలేదు’ అనేది ముందు కనబడుతుంది. ‘మీ ఇంట్లో దేనితో వడ్డిస్తారో చూపించండి’ అన్న ఒక్క మాట మొత్తం సంభాషణను మార్చేస్తుంది.

అందుకని మేమడిగేది ఇది. నెలకు ఒక గంట, డ్యూటీ వేళలోనే. నలుగురైదుగురు డైటీషియన్లు, ఒక సీనియర్ డైటీషియన్. ఆ సీనియర్ మా పనితీరు మీద పైవాళ్లకు కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్ రాసే మనిషి కాకూడదు. మొదటి పది నిమిషాలు గత నెల అనుకున్నవి ఏమయ్యాయో చూడాలి. తర్వాత అరగంట ఒకే ఒక్క కేసు, పేరూ ఊరూ తీసేసి, లెక్కలతో సహా. మిగతాది రోగితో మాట్లాడిన తీరు మీద. ఇవి కాక ఏడాదికి రెండుసార్లు ఒకరి పని మరొకరు పక్కన ఉండి నేరుగా చూడాలి. మొదలుపెట్టే ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి: ఎన్నాళ్లకోసారి కూర్చుంటాం, ఏ మాట గదిలోనే ఉంటుంది, రోగి ప్రాణానికి ముప్పున్న సంగతి అయితే సూపరింటెండెంట్‌కు ఎప్పుడు, ఎలా చెబుతాం.

సమావేశానికి సమావేశానికి మధ్య ఎవరి పనిని వాళ్లు తిరిగి చూసుకోవాలి. అరపేజీ చాలు. ఏం జరిగింది, అలా ఎందుకు జరిగింది, ఈసారి ఏం మారుస్తాను. మూడో ప్రశ్నకు జవాబు ‘ఇంకా జాగ్రత్తగా ఉంటాను’ అని ఉంటే ఆ కాగితం వృథా. ‘సోమవారం నుంచి డయాలసిస్ రోగులకు వేరే కాగితం ఇస్తాను, పాత జిరాక్సులు చించేస్తాను’ అని ఉండాలి.

ఇది ఎక్కడ చెడిపోతుందో కూడా చెబుతాం, ఎందుకంటే సగం ఆర్డరు వచ్చి పని చెడిపోవడం మేం చాలాసార్లు చూశాం. ఆ అరపేజీని తీసుకెళ్లి మెమోకు జత చేసిన రోజున మా వ్యవహారం ముగిసినట్టే. ఆ తర్వాత ఎవ్వరూ నిజం రాయరు. అందరూ ‘బాగా నేర్చుకున్నాను’ అని రాసి సంతకం పెడతారు, ఫైలు లావవుతుంది. వాట్సాప్ గ్రూపు పెట్టి ఇదే సూపర్‌విజన్ అన్నా అంతే. అక్కడ కేస్ షీటు ఫొటోలు తిరుగుతాయి, రోగి పేరు నలుగురి ఫోన్లలో పడుతుంది, ‘సూపర్ మేడమ్’ అన్న జవాబులు వస్తాయి. గంటను డ్యూటీ అయ్యాక పెడితే మూడో నెలకు ఎవరూ రారు. సీనియర్ అయినంత మాత్రాన ఎదుటివాళ్ల చేత ఆలోచింపజేయడం రాదు, దానికి శిక్షణ కావాలి. లేకపోతే అది ఇంకో ఉపన్యాసం అవుతుంది.

మనిషి సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చిన బ్రిగిడ్ ప్రాక్టర్ 1980ల్లోనే సూపర్‌విజన్‌కు మూడు పనులున్నాయన్నారు. ప్రమాణం కాపాడడం, నేర్పడం, మనిషిని నిలబెట్టడం. మూడోదాన్ని మన ఆసుపత్రుల్లో ఎవరూ పట్టించుకోరు. పునరావాస కేంద్రంలో బిడ్డ కోలుకుంటున్న ఐదో రోజున తల్లి వెళ్లిపోతానంటుంది. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు, పత్తి ఏరే రోజులు, భర్త ఫోను మీద ఫోను. ఎంత బతిమాలినా ఆగదు. రిజిస్టర్లో ‘డిఫాల్టర్’ అని పడుతుంది. నెలాఖరు సమీక్షలో ఆ అంకెకు కౌన్సెలర్‌ను నిలదీస్తారు. ఆ తల్లితో ఏం మాట్లాడితే ఇంకో రెండు రోజులు ఆగేదో, అసలు ఆపడం ఎవరి తరమైనా అయ్యేదో కాదో, ఆ కౌన్సెలర్‌తో కూర్చుని ఆలోచించేవాళ్లు లేరు. అలాంటివి పోగుపడి పోగుపడి, తర్వాతి తల్లికి గట్టిగా చెప్పడమే మానేస్తారు. ఉద్యోగం మానేసినవాళ్ల లెక్క మీ దగ్గర ఉంటుంది. మనసులో ఎప్పుడో మానేసి కుర్చీలో కూర్చున్నవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

మేం కొత్తగా కనిపెట్టి అడుగుతున్నది కాదండీ ఇది. బ్రిటన్‌లో డైటీషియన్లను రిజిస్టర్ చేసే మండలి ప్రమాణాల్లోనే, తన పనిని తిరిగి పరిశీలించుకుని నమోదు చేయడం ఉంది. ఆస్ట్రేలియాలో కొత్తగా గుర్తింపు పొందిన డైటీషియన్ మొదటి ఏడాది మెంటర్‌తో కలిసి పనిచేస్తారు. మన దేశంలోనూ 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను గుర్తించింది, రాష్ట్ర మండళ్లు ఏర్పాటు చేయమంది. రిజిస్టర్లో పేరు ఎక్కాక పని నాణ్యత ఎవరు చూస్తారన్నది రాష్ట్రం తేల్చుకోవలసిన విషయం. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మన గడప ముందే. సీనియర్లకు శిక్షణ ఎలా ఇవ్వాలో వాళ్లను అడగవచ్చు. మీరు అడిగితే జరిగే పని అది.

దయచేసి ఈ లేఖను కూడా ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని పంపేయకండి. ఆ విభాగంలో డైటీషియన్ లేరు, అదే మా బాధ. పోస్టులు తర్వాత ఇవ్వండి, జీతాల ఫైలు తర్వాత చూడండి. ఒక్క గంట ఇవ్వండి. డ్యూటీ గంటగా, రాతపూర్వకంగా, తనిఖీతో సంబంధం లేకుండా ఇవ్వండి. రాష్ట్రమంతా ఒక్కసారే కష్టమైతే ఒక జిల్లాలో మొదలుపెట్టండి. ఆరు నెలల తర్వాత పాలు కలిపే గిన్నెల్లో గీతలున్నాయా, డయాలసిస్ వార్డులో ఏ కాగితం ఇస్తున్నారు, ముక్కు గొట్టం రోగుల చార్టుల్లో ‘అందింది’ అన్న గడి నింపుతున్నారా అని మీరే ఒకరిని పంపి చూడండి. ఆ తనిఖీకి మేం ఎదురుచూస్తాం.

ఈ ఉత్తర్వు కోసం మళ్లీ రావాలంటే మళ్లీ వస్తాం. ఎక్కడికి, ఏ తేదీన రమ్మంటారో ఒక మాట తెలియజేయండి.

ఇట్లు,
ప్రభుత్వ ఆసుపత్రులు, పోషకాహార పునరావాస కేంద్రాల డైటీషియన్లు, న్యూట్రిషన్ కౌన్సెలర్లు