గోధుమ మానెయ్యమన్నారు సరే, మిగతాది ఎవరు చెప్పాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలకు రక్తం తక్కువుందంటే ఐరన్ సిరప్ రాసివ్వడం మన దగ్గర మామూలే. కానీ సీసాల మీద సీసాలు తాగించినా రక్తం పట్టకపోతే, ఎందుకు పట్టట్లేదని ఆలోచించేవాళ్లు తక్కువ. మా పాపకు పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ విరేచనాలు, తోటి పిల్లల కన్నా పొట్టిగా ఉండటం, వీటన్నిటికీ నులిపురుగులని ఒకరు, దిష్టని ఒకరు, తిండి సరిగా తినదని ఒకరు చెప్పారు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారు టీటీజీ అనే రక్త పరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క పరీక్షకు పంపితే సీలియాక్ అని తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక, ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుందట. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే వైద్యం. ఉత్తరాదిలో ఎక్కువ, అన్నం తినే మన వైపు తక్కువ కాబట్టి ఇక్కడ డాక్టర్లకు తొందరగా తట్టదు. అది అర్థం చేసుకోగలను.

అర్థం కానిది ఆ తర్వాతి సంగతి. చీటీ మీద "గోధుమ వద్దు" అని రాసి పంపిస్తారు. చపాతీ, పూరీ, బ్రెడ్, బిస్కెట్ ఎవరికైనా తడతాయి. బొంబాయి రవ్వా గోధుమదే, సేమియా గోధుమదే, నూడుల్స్ బండి మీద పోసే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, పాలల్లో కలిపే మాల్ట్ పొడిలో బార్లీ ఉంటుంది అని ఆ చీటీలో ఎక్కడా ఉండదు.

మాకు ఇవన్నీ చెప్పింది ఆసుపత్రి వరండాలో కలిసిన ఒక దేవరకొండ అక్క. వాళ్ల బాబుకూ ఇదే జబ్బు. ఆ రాత్రే ఫోన్ చేసి, బాగోగులు కూడా అడగకుండా "ముందు ఇంగువ డబ్బా తెచ్చి వెనక చదువు చెల్లె" అంది. చదివితే, చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. అసలు ఇంగువ ఘాటు ఎక్కువ కాబట్టి మైదానో బియ్యప్పిండో కలిపి అమ్ముతారట. అంటే మేం రోజూ పెట్టే పప్పుచారు పోపులోనే ఉందన్నమాట!

తర్వాత గిర్ని. పాలమూరులో జొన్నలకేం కొదవ, రెండు పూటలా రొట్టె పెడితే సరిపోతుంది కదా అంటారు అందరూ. కానీ మన ముందున్నాయన గోధుమలు పట్టించుకుని పోతే ఆ రాళ్ల మధ్య, పిండి దిగే గుడ్డ గొట్టంలో మిగిలిందంతా మన జొన్నపిండిలోకే వస్తుంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలోకి గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో నిబంధన, అంటే చిటికెడు కూడా కాదు. మా గల్లీ గిర్ని అన్న మంచోడు. పొద్దున్నే అంతా దులిపి, ముందు కొన్ని బియ్యం పోసి తిప్పి, ఆ పిండి పక్కకు తీసి, అప్పుడు మా జొన్నలు పోస్తాడు. అదీ పూర్తి భరోసా కాదు, ఇంట్లోనే చిన్న మిషన్ పెట్టుకోమంటుంది అక్క. పెట్టుకుంటాం, చిట్టీ ఎత్తినాక. బయట జొన్న రొట్టెలు కొనేవాళ్లు కూడా అడిగి కొనండి, విరక్కుండా రావాలని గోధుమపిండి కలిపేవాళ్లున్నారు.

తిండికైతే కరువు లేదు. బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, వేటిలోనూ గ్లూటెన్ లేదు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు. సర్వపిండి ఉంది, పెళ్లికి పోతే బగారన్నం ఉంది, డబుల్ కా మీఠా దగ్గర ఆగితే చాలు. ఇంటివాళ్లను ఆపడమే కష్టం. "దేవుడి ప్రసాదం, ఒక్క ముద్ద రవ్వకేసరి తింటే ఏమైతది బిడ్డా" అని మా పెద్దమ్మ పాప నోట్లో పెట్టబోతుంటే ఎవరితో గొడవపడాలి? బరువు తగ్గడానికి గ్లూటెన్ మానేసేవాళ్ల వీడియోలు చూసి ఇదీ ఒక ఫ్యాషనే అనుకుంటున్నారు చుట్టాలు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇంకో టెన్షన్. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ ఉంటుంది, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో పాటు. చాలామంది పిల్లలకు అది మంచి తిండే, నేను కాదనను. కానీ సీలియాక్ ఉన్న బిడ్డ బరువు పెరగట్లేదని అదే ఇంకో రెండు చెంచాలు ఎక్కువ పెట్టమంటే ఏం కావాలి? జబ్బు తేలిన పిల్లలకైనా దాని బదులు రాగి పిండో బియ్యప్పిండో ఇవ్వాలి, టీచరమ్మ తనంతట తాను మార్చలేదు, పైనుంచి ఆర్డర్ రావాలి. మా పాపతో గురుకులం ఐదో తరగతి ఎంట్రన్స్ రాయిద్దామనుకున్నాం. పూరీ, ఉప్మా పెట్టే రోజు ఈ పిల్లకు ఏం పెడతారని ఒక హాస్టల్లో అడిగితే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. డాక్టర్ లెటర్ చూపిస్తే ఆ పూట ఇంత అన్నం వండిపెట్టడం అంత పెద్ద పనా?

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండకు 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ ఆసుపత్రుల్లో నెలకు ఒక రోజు, ఒక గది, ఒక డైటీషియన్, ఈ జబ్బున్న ఇళ్లవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అడుగుతున్నాను. టీటీజీ పరీక్ష కూడా అక్కడే జరగాలి. ఒకరికి ఉంటే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా చేయించుకోమంటారు, మా చిన్నోడి కోసం మళ్లీ హైదరాబాద్ బస్సే ఎక్కాలి. ఇది చదివి అనుమానం వచ్చినవాళ్లు మాత్రం పరీక్షకు ముందే గోధుమ మానెయ్యకండి, మానేస్తే జబ్బున్నా రిపోర్టులో కనపడకపోవచ్చు.

దేవరకొండ అక్క అడిగినవాళ్లందరికీ చెప్తుంది కానీ ఆమె కుట్టు మిషన్ మీద బతికే మనిషి, రోజంతా ఫోన్లు ఎత్తలేదు. మే 16న సీలియాక్ దినం వస్తుంది. ఆ రోజుకు ర్యాలీలు, ఫ్లెక్సీలు ఏమీ వద్దు. కొత్తగా జబ్బు తేలినవాళ్ల చేతికి చీటీతో పాటు ఇచ్చేలా, ఇంగువ, గిర్ని, రవ్వ అన్నీ ఉన్న ఒక్క పేజీ తెలుగులో ప్రింట్ చేయించమని వైద్యారోగ్య శాఖ అధికారులకు మీ పేపర్ ద్వారా చెప్పండి. రాయడానికి సాయం కావాలంటే అక్క, నేను ఇద్దరం వస్తాం.

— ఒక తల్లి, మహబూబ్‌నగర్